నాన్నగారి చెక్కపెట్టెలో పాత పార్టులు: మార్క్ 2 అంబాసిడర్‌వి ఏవో ఎలా గుర్తుపట్టాలి?

నీలంరంగు_మార్క్2 (తెనాలి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 1966 రిజిస్ట్రేషన్ అంబాసిడర్ మార్క్ 2 ఉంది. నాన్నగారు పోయాక షెడ్డులోనే ఉండిపోయింది. వచ్చే సంక్రాంతికల్లా దాన్ని రోడ్డెక్కించాలని నా పట్టుదల. ఇంజన్ పొగ విపరీతంగా వదులుతోంది, డెల్కో (స్పార్కును ఒక్కో సిలిండర్‌కు పంచే డిస్ట్రిబ్యూటర్) షాఫ్టు లూజుగా ఊగుతోంది. మెకానిక్ ఆ రెండూ ముందు చూడాలన్నాడు.

నాన్నగారు చిన్న గ్యారేజీ నడిపేవారు. ఆయన దాచిన పెద్ద చెక్కపెట్టె ఒకటి అటక మీద దొరికింది. నిండా పార్టులే. కొన్నిటికి అట్టపెట్టెలున్నాయి, చాలావాటికి లేవు. ఆ గ్యారేజీకి అంబాసిడర్లే కాక ఫియట్లు, స్టాండర్డ్ హెరాల్డులు కూడా వచ్చేవి కాబట్టి అన్నీ కలిసిపోయాయి. పైకి కనబడేవి ఇవి:

లూకాస్ డెల్కో ఒకటి, మేడ్ ఇన్ ఇంగ్లండ్ అని ఉంది. నూనె కాగితంలో చుట్టిన నాలుగు పిస్టన్లు. షెల్ బేరింగులు (క్రాంకు షాఫ్టు చుట్టూ కూర్చునే అర్ధచంద్రాకారపు ముక్కలు) విడివిడిగా పద్నాలుగు. ఇగ్నిషన్ కాయిల్ ఒకటి. నల్లటి మూత ఉన్న కటౌట్ (డైనమో చార్జింగును అదుపు చేసే రెగ్యులేటర్) ఒకటి. అంబాసిడర్ అని ఇంగ్లీషులో రాసిన అట్టపెట్టెలో నాలుగు టైరాడ్ ఎండ్లు (స్టీరింగ్ రాడ్ల చివర ఉండే కీళ్లు). ఇవి కాక రెండు డబ్బాల నిండా బోల్టులు.

వీటిలో నా బండికి పనికొచ్చేవి ఏవో ఎలా తెలుస్తుంది? పనికిరానివి పారేయడం నాకు ఇష్టం లేదు. ఎవరికి కావాలో వాళ్లకే చేరాలి.

డిలైట్_గుంటూరు

మా ఇంట్లో 1968 ఫియట్ 1100 డిలైట్ ఉందండి. ముందు అన్నిటినీ కిరోసిన్‌లో నానబెట్టి, వైర్ బ్రష్‌తో బాగా తోమి, ఎండలో ఆరబెట్టి ఫొటోలు పెట్టండి. శుభ్రంగా ఉంటే చూసి చెప్పడం తేలిక. ఆ నాలుగు టైరాడ్ ఎండ్లు మాత్రం నాకు అనుమానంగా ఉన్నాయి.

ఆటోనగర్_కౌంటర్ (విజయవాడ)

అమ్మా, ఇంకా తోమి ఉండకపోతే దయచేసి ఆగు. గుంటూరు తమ్ముడు మంచికే చెప్పాడు. కానీ పాత పార్టు మీద వైర్ బ్రష్ పెట్టడం అన్నిటికంటే ఆఖరున చేసే పని. లూకాస్ వాళ్లు అల్యూమినియం మీద కొట్టిన నంబర్లు పైపైనే ఉంటాయి, నాలుగు రుద్దులకు పోతాయి. బేరింగు వెనక సైజు ముద్ర, కార్బురేటర్ మీది చిన్న రేకు బిళ్ల, పిస్టన్ నెత్తి మీద గుద్దిన అంకె, వీటిలో ఒక్కటి పోయినా ఆ పార్టుకు ఊరూ పేరూ లేనట్టే. మెత్తటి గుడ్డ, కొంచెం కిరోసిన్ చాలు. గుడ్డతో తుడిచి, టార్చిలైటు పక్కవాటుగా పట్టి చదువు. కనబడకపోతే సుద్దముక్క రుద్ది వేలితో తుడిస్తే గాడిలో తెల్లగా నిలబడి అంకె తేలుతుంది.

నేను ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కౌంటర్ మీదే వయసంతా గడిపాను. ఒక మాట ముందే చెబుతున్నాను. అట్టపెట్టె మీద రాసింది నమ్మొద్దు. షాపులో పెట్టె చిరిగితే చేతికందిన ఇంకో పెట్టెలో పెట్టేవాళ్లం. గ్యారేజీల్లో తీసిన పాత పార్టును కొత్తదాని పెట్టెలోనే వేసి దాచేవాళ్లు. పార్టు మీద ఉన్న ముద్ర, నీ చేతిలోని వెర్నియర్, మర చుట్లను కొలిచే థ్రెడ్ గేజ్, ఈ మూడే సాక్ష్యం. థ్రెడ్ గేజ్ అంగుళాలది, మిల్లీమీటర్లది రెండూ కొను. పెద్ద ఖర్చేమీ కాదు.

ఇంకో ముఖ్యమైన విషయం. పెట్టె దగ్గరకు వెళ్లే ముందు బండి దగ్గరకు వెళ్లు. నీ బండిలో ఇప్పుడున్నది పుట్టినప్పటి ఇంజనేనా? మన జిల్లాల్లో ఎన్నో అంబాసిడర్లకు పెట్రోల్ ఇంజన్ దించి డీజిల్ ఎక్కించారు. ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబరు, ఇంజన్ మీది నంబరు సరిపోల్చు. మార్క్ 2కి ఉండాల్సింది 1489 సీసీ, వాల్వులు పైనుండే, బ్రిటన్ కంపెనీ బీఎంసీ వాళ్ల బీ సిరీస్ పెట్రోల్ ఇంజన్. తొలి అంబాసిడర్లలో ఉన్న 1476 సీసీ సైడ్ వాల్వు ఇంజన్ వేరు, దాని సామాను దీనికి రాదు.

అది తేలితే పిస్టన్ల సంగతి తేలిక. 1489 బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 73.025 మిల్లీమీటర్లు. ఫియట్ 1089 సీసీ బోరు 68. హెరాల్డ్ 948 సీసీ బోరు 63. ఎంత ఓవర్‌సైజ్ (అరిగిన సిలిండర్ కోశాక వేసే పెద్ద పిస్టన్) అయినా ఒకదాని కొలత ఇంకోదాన్ని అందుకోదు. కాకపోతే కొలిచే చోటు తెలియాలి. పిస్టన్ గుండ్రంగా కనబడుతుంది గానీ నిజానికి కోలగా ఉంటుంది, నెత్తి దగ్గర సన్నం. పిన్నుకు అడ్డంగా, కింద అంచుకు దగ్గరలో కొలవాలి. పిన్ను వైపు కొలిస్తే తక్కువ చూపించి నిన్ను తప్పుదోవ పట్టిస్తుంది. నెత్తి మీద 020, 030, 040 లాంటి అంకె ఉంటుంది. అది అంగుళంలో వెయ్యో వంతులు, మా భాషలో థౌ. ఒక జాగ్రత్త చెప్పాలి. తర్వాత వచ్చిన 1489 డీజిల్ ఇంజన్‌కు కూడా బోరు ఇదే. అందుకని వ్యాసం సరిపోయిందని ఊరుకోకుండా, పిన్ను మధ్య నుంచి నెత్తి దాకా ఎత్తు నీ పాత పిస్టన్‌తో పోల్చు. నెత్తి ఆకారమూ పోల్చు. పిన్ను మధ్యలో అడ్డంగా గాడి ఉందేమో కూడా చూడు. పాత 1489 పెట్రోల్‌లో పిన్నును కాన్‌రాడ్ (పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కడ్డీ) చిన్న తలలో బోల్టుతో బిగిస్తారు. ఆ బోల్టు కూర్చునేందుకే ఆ గాడి.

షెల్ బేరింగులు పద్నాలుగు అన్నావు కదా, అది నాకు సంతోషం కలిగించింది. ఈ ఇంజన్‌కు క్రాంకును మోసే మెయిన్ బేరింగులు మూడు, అంటే ఆరు ముక్కలు. కాన్‌రాడ్ పెద్ద తలల్లో ఉండే బిగ్ ఎండ్‌లు నాలుగు, అంటే ఎనిమిది. మొత్తం పద్నాలుగు. ఒకే ఇంజన్ సెట్టు అయ్యే అవకాశం ఉంది. ఫియట్‌కూ మెయిన్లు మూడే కాబట్టి లెక్క ఒక్కటే సరిపోదు, కొలవాలి. బీ సిరీస్ క్రాంకు కొత్తగా ఉన్నప్పుడు మెయిన్ జర్నల్ (బేరింగులో తిరిగే భాగం) 2 అంగుళాలు, బిగ్ ఎండ్ జర్నల్ ఒకటీ ఏడు బై ఎనిమిది అంగుళాలు. అంటే సుమారు 50.8, 47.6 మిల్లీమీటర్లు.

ఇక్కడే చాలామంది తికమకపడతారు. పిస్టన్ మీద 020 అంటే పిస్టన్ పెద్దదని అర్థం. బేరింగు వెనక 020 అంటే అరిగిన క్రాంకును 20 థౌ తగ్గించి గ్రైండ్ చేశాక వేసేదని అర్థం. షెల్లు ఆ మేరకు మందంగా ఉంటుంది. కొత్త క్రాంకుకు అది పట్టదు. నీ క్రాంకు ఇప్పుడు ఏ సైజులో ఉందో మైక్రోమీటర్‌తో కొలిపించేదాకా ఆ బేరింగులు వేయించొద్దు.

కాయిల్ మీద రెండు చిన్న టెర్మినళ్ల పక్కన ఏముందో చూడు. ఎస్‌డబ్ల్యూ, సీబీ అని ఉంటే అది పాజిటివ్ ఎర్త్ కాలం నాటి లూకాస్ కాయిల్. ఎస్‌డబ్ల్యూ స్విచ్చికి, సీబీ డెల్కోకి. ప్లస్, మైనస్ గుర్తులుంటే తర్వాతి కాలానిది. అప్పటి బ్రిటిష్ పద్ధతిలో బ్యాటరీ ప్లస్సును బాడీకి బిగించేవాళ్లు. నీ బండికి మధ్యలో ఎవరైనా మార్చారేమో చూసుకో. బ్యాటరీ ఏ కొస బాడీకి బోల్టు చేసి ఉందో అదే చెబుతుంది, వైరు రంగు చెప్పదు. ఇప్పుడు నెగటివ్ ఎర్త్ ఉంటే ఆ కాయిల్‌కు రెండు వైర్లూ అటుదిటు చేసి కలపాలి. అలా చేయకపోయినా బండి స్టార్ట్ అవుతుంది గానీ స్పార్కు బలం తగ్గుతుంది.

డెల్కో గురించి నంబర్లు చదివి చెప్పు. బాడీ మీద ఉన్నవన్నీ, ప్రతి అంకె, చుక్క కూడా వదలకుండా.

నీలంరంగు_మార్క్2 (తెనాలి)

బాబాయ్ గారూ, మీరు ఆగమన్నది మంచిదైంది. డెల్కోను అప్పటికే కిరోసిన్ బకెట్ పక్కన పెట్టి ఉంచాను. సుద్దముక్క చిట్కా అద్భుతంగా పనిచేసింది.

ముందు బండి. ఇంజన్ నంబరు ఆర్‌సీతో సరిపోయింది, పెట్రోలే. బ్యాటరీ ప్లస్సు బాడీకే ఉంది, ఎవరూ మార్చలేదు. కాయిల్ మీద ఎస్‌డబ్ల్యూ, సీబీ అనే ఉన్నాయి.

పిస్టన్ నెత్తి మీద 030. మీరు చెప్పిన చోట కొలిస్తే 73.7. పిన్ను మధ్యలో గాడి ఉంది! షెల్లుల వెనక అన్నిటికీ 020 ఉంది. ఎనిమిది ఒక వెడల్పు, ఆరు ఇంకో వెడల్పు.

కటౌట్ మూత తీయలేదు. కింద ఏ, ఏ1, ఎఫ్, డి, ఈ అని అయిదు టెర్మినళ్లు, మీద ఆర్‌బీ106/2 అని ఉంది.

టైరాడ్ ఎండ్ల మరకు అంగుళాల గేజులో ఏ ఆకూ సరిగ్గా కూర్చోలేదు. మిల్లీమీటర్ గేజులో 1.5 ఆకు వెలుతురు కూడా దూరకుండా కూర్చుంది. నాలుగింటిలో రెండు ఎడమ మర.

డెల్కో బాడీ మీద 25డి4 అని, దాని పక్కన 40తో మొదలయ్యే అయిదంకెల నంబరు ఉంది. చివరి మూడూ ఎంత ప్రయత్నించినా తేలడం లేదు. ఇంకోచోట 27 65 అని ఉంది. పక్కకు పొడుచుకు వచ్చిన గుండ్రటి రేకు డబ్బీ మీద 5-13-10 అని ఉంది. ఇది దేని సైజు?

డిలైట్_గుంటూరు

చూశారా, ఆ టైరాడ్ ఎండ్లు మావే అయ్యుంటాయి! ఫియట్ మొత్తం మిల్లీమీటర్ మరే. పైగా అంబాసిడర్‌కు ర్యాక్ స్టీరింగ్ కాబట్టి బయట టైరాడ్ ఎండ్లు రెండే ఉంటాయి. మాది స్టీరింగ్ బాక్సు రకం, రాడ్లు ఎక్కువ, ఎండ్లూ ఎక్కువే, అందులో సగం ఎడమ మర. మీకు అభ్యంతరం లేకపోతే నా పాతదాన్ని తీసుకుని తెనాలి వస్తాను. మర ఒక్కటే కాదు, కొన దగ్గర సన్నబడే వాలు కూడా ఆర్మ్ కన్నంలో పట్టి చూసుకోవాలి. స్టీరింగ్ సామాను కదా, అందాజుగా వేసుకునేది కాదు. ఎన్నేళ్ల నుంచో వెతుకుతున్నానండీ వీటి కోసం.

ఆటోనగర్_కౌంటర్ (విజయవాడ)

తమ్ముడు సరిగ్గా చెప్పాడు.

కటౌట్ డైనమో బండ్లదే అమ్మా. నీ బండిలో డైనమో ఉంటే పనికొస్తుంది, ఆల్టర్నేటర్ వేయించి ఉంటే అక్కర్లేదు. మూత తీసినా లోపలి స్క్రూలు తిప్పొద్దు, అవి వోల్టేజి సెట్టింగులు.

బోల్టుల డబ్బాల గురించి అడగలేదు గానీ అవే చాలా ముఖ్యం. అయిదు బై పదహారు అంగుళం బోల్టు మందం 7.94 మిల్లీమీటర్లు, ఫియట్ ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు 8. పాత బోల్టు మీద వెర్నియర్ ఆ తేడా పట్టలేదు. మరలో మాత్రం తేడా పెద్దది. బీ సిరీస్ ఇంజన్‌లో వాడే యూఎన్ఎఫ్ రకానికి ఆ సైజులో అంగుళానికి 24 చుట్లు. అంతకంటే పాత బ్రిటిష్ బీఎస్ఎఫ్ అయితే 22. ఫియట్ బోల్టుకు ఒక చుట్టు 1.25 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి 20 చిల్లర. మూడూ మొదటి రెండు చుట్లు హాయిగా ఎక్కుతాయి. ఆ తర్వాత బిగుసుకుంటే మెకానిక్ కుర్రాడు పెద్ద పానా అందుకుంటాడు. అక్కడితో బ్లాకులో మర చచ్చిపోతుంది. ప్రతి బోల్టునూ గేజు పెట్టి మూడు డబ్బాలుగా వేరుచెయ్యి. చేత్తో చివరిదాకా తిరగని బోల్టును పానాతో తిప్పనివ్వకు.

డెల్కోలో 25డి4 అనేది మోడల్ పేరు, చివరి 4 నాలుగు సిలిండర్లకు. 27 65 అంటే 1965లో 27వ వారంలో తయారైందని. 5-13-10 సైజు కాదమ్మా, అదే అసలు విషయం. ఆ డబ్బీ వాక్యూమ్ అడ్వాన్సు, అంటే ఇంజన్ పీల్పును బట్టి స్పార్కును ముందుకు జరిపేది. ఇన్‌టేక్ పీల్పు 5 అంగుళాల పాదరసం దగ్గర కదలడం మొదలై, 13 దగ్గర పూర్తయి, మొత్తం 10 డిగ్రీలు ముందుకు జరుపుతుందని ఆ ముద్రకు అర్థం. ఆ 10 డెల్కో డిగ్రీలు. క్రాంకు దగ్గర రెట్టింపు, 20.

ఇప్పుడు రోటర్ పీకి, ప్లాటినం పాయింట్ల ప్లేటు విప్పి, దాని కింద స్ప్రింగులు పట్టుకున్న క్యామ్ అడుగు చూడు. ఒక అంకె గుద్ది ఉంటుంది. నీ బండిలో ఉన్న పాత డెల్కోలో కూడా అదే చోట చూసి, రెండూ రాయి. ఇంగ్లండ్‌లో ఉన్న మన కోవెంట్రీ అబ్బాయి చూస్తుంటే బాగుండు, వాళ్ల దగ్గర పాత మాన్యువళ్లు ఉంటాయి.

నీలంరంగు_మార్క్2 (తెనాలి)

పెట్టెలోని డెల్కో క్యామ్ మీద 10 ఉంది. బండిలోని పాతదాని క్యామ్ మీద వేరే అంకె, వాక్యూమ్ డబ్బీ మీద కూడా వేరే అంకెలు. కానీ పైకి రెండూ కవలల్లా ఉన్నాయి. కింద ఇంజన్‌లో దూరే నాలుక కూడా రెండింటికీ ఒకే తీరు, మధ్యకు కాకుండా కొంచెం పక్కకు జరిగి ఉంది. మా మెకానిక్ దీన్నే వేసేద్దామంటున్నాడు.

కోవెంట్రీ_తెలుగువాడు

అన్నా, చూస్తున్నాను. బాబాయ్ అని పిలిచే వయసే మీది, కానీ కౌంటర్ మీద నిలబడ్డవాళ్లు ఎప్పుడూ అన్నలే నాకు.

అక్కా, వేసేయమని చెప్పకండి. వాక్యూమ్ 5 దగ్గర మొదలై 13 దగ్గర క్రాంకు 20 డిగ్రీలు, వేగం పెరిగేకొద్దీ డెల్కో లోపలి బరువులతో వచ్చే అడ్వాన్సు కూడా గరిష్ఠంగా క్రాంకు 20, అంటే క్యామ్ మీద 10. ఈ రెండూ కలిపి చూస్తే నాకు తెలిసింది ఎంజీబీ. 1962లో వచ్చిన స్పోర్ట్స్ కారు, 1798 సీసీ. దాని వర్క్‌షాప్ మాన్యువల్‌లో తొలి ఇంజన్లకు ఇచ్చిన అంకెలు ఇవే. 1965 తయారీ అన్నది కూడా దానికి సరిపోతుంది. ఆ అయిదంకెల నంబరు పూర్తిగా తేలితేనే ఖాయంగా చెప్పగలం, కానీ మీ 1489కి తయారైన సెట్టింగు మాత్రం కాదు.

అదీ బీ సిరీస్ ఇంజనే, అందుకే నాలుక, బిగింపు, మూత అన్నీ పట్టేస్తాయి. ఫైరింగ్ ఆర్డర్ కూడా అదే 1-3-4-2. ఇక్కడ కూడా దీనివల్లే చాలామంది మోసపోతారు. పట్టింది కదా అని వేస్తారు, తర్వాత ఎక్కుడులో ఇంజన్ టకటక కొడుతుంటే పెట్రోలును తిడతారు. ఎంజీబీలో ఎక్కువ కంప్రెషన్, రెండు ఎస్‌యూ కార్బురేటర్లు, వేరే క్యామ్ షాఫ్టు. అంబాసిడర్ తక్కువ కంప్రెషన్‌తో ఇంటిల్లిపాదినీ మోసే బండి. రెండింటికీ స్పార్కు ఎప్పుడు ముందుకు జరగాలన్న లెక్క ఒకటి కాదు.

మీ పిస్టన్ల విషయంలో ఒక మంచి కబురు. ఇదే 1489 ఇంజన్ ఇక్కడ ఆస్టిన్ ఏ55, వూల్స్‌లీ 15/50, ఎంజీఏ 1500 లాంటి చాలా కార్లలో వచ్చింది. గాస్కెట్లు, బేరింగులు, వాల్వు గైడ్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఆర్డర్ చేసేటప్పుడు మాత్రం ఎంజీఏ పిస్టన్లు అడక్కండి, ఆస్టిన్, మోరిస్ వైపు తక్కువ కంప్రెషన్ రకం అడగండి. మీ బండికి మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 పార్టుల పుస్తకం దొరికితే తప్పక దగ్గర పెట్టుకోండి. ప్రతి బోల్టుకు బొమ్మా నంబరూ ఉంటాయి. ఇంజన్ వరకు అది చాలా దగ్గర. బాడీ రేకు, గ్రిల్లు లాంటివాటికి మాత్రం అంబాసిడర్ తయారైన ఉత్తరపారా ఫ్యాక్టరీలో మార్చినవి ఉన్నాయి కాబట్టి దాన్ని నమ్మొద్దు.

ఇంకొకటి. పోత పోసినప్పుడు ఉబ్బెత్తుగా వచ్చిన నంబర్లు పార్టు నంబర్లు కావు. ఒకే పోతను వేర్వేరుగా చెక్కి వేర్వేరు పార్టులు చేసేవాళ్లు. ఆ నంబరుతో వెతికి నిరాశపడినవాళ్లను చాలామందిని చూశాను.

ఆటోనగర్_కౌంటర్ (విజయవాడ)

చాలా మంచి సమాచారం నాయనా. ఆ ఎక్కుడులో టకటక నేనూ ఎన్నో బండ్లలో విన్నాను.

అమ్మా, అయినా ఆ డెల్కో వృథా కాదు. నీ పాతదానికి జబ్బు షాఫ్టు ఊగడం కదా. పెట్టెలోని డెల్కో షాఫ్టు పట్టుకుని పక్కలకు కదిపి చూడు. ఆట లేకపోతే దాని బాడీ, షాఫ్టు ఉంచుకుని, నీ పాతదాంట్లోని క్యామ్, రెండు స్ప్రింగులు, వాక్యూమ్ డబ్బీ అందులోకి మార్పించు. రెండూ 25డి4 అయితే మారతాయి. స్ప్రింగులు రెండూ ఒకేలా ఉండవు, ఏది ఏ వైపుదో విప్పేముందు ఫొటో తీసుకో. క్యామ్ తిరగేసి పెడితే టైమింగు 180 డిగ్రీలు తప్పుతుంది, రోటర్ గాడి నాలుకకు ఏ వైపు ఉందో అదీ ఫొటోలో రావాలి. ఎంజీబీ లోపలి సామాను కవరులో వేసి పేరు రాసి పెట్టు. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఎంజీబీ ఉన్న మనిషి ఎవరో ఒకరు దాని కోసమే తిరుగుతుంటారు.

పిస్టన్లు ఇప్పుడే రీబోర్ షాపుకు ఇచ్చేయకు. ముందు బ్లాకు కొలిపించు. ఒక్కో సిలిండర్‌ను పైన, మధ్యలో, కింద, ప్రతి చోటా రెండు దిక్కులుగా. మీ నాన్నగారు ఇప్పటికే 030 వేసి, ఇవి మిగిలినవై ఉంటే బోరు ఇంకా పెద్దదై ఉంటుంది. అప్పుడు 040కి పోవాలి, లేదా స్లీవులు కొట్టించి స్టాండర్డ్‌కు రావాలి. బోరు 030కి లోపల ఉంటే మాత్రం ఆ నాలుగూ చేత పట్టుకుని వెళ్లి, ప్రతి పిస్టన్‌నూ కొలిచి దానికి తగ్గట్టే ఆ సిలిండర్ కోయమని చెప్పు. పిస్టన్ చూడకుండా బోరు కోసే షాపుకు ఇవ్వొద్దు.

కొలతలు రాగానే ఇక్కడ రాయి. గుంటూరు తమ్ముడు టైరాడ్ ఎండ్ల కోసం వచ్చినప్పుడు బోల్టుల డబ్బా కూడా చూపించు. ఫియట్ బోల్టులు వేరుచేయడానికి ఇంకో చెయ్యి సాయం ఉంటుంది.

నీలంరంగు_మార్క్2 (తెనాలి)

అలాగే బాబాయ్ గారూ. మెకానిక్‌కు ఇదంతా చదివి వినిపించాను, డెల్కో లోపలి సామాను మార్చడానికి ఒప్పుకున్నాడు. బ్లాకు సోమవారం దించుతున్నాం. గుంటూరు అన్నయ్య గారూ, ఆదివారం పొద్దున రండి, మీ పాత టైరాడ్ ఎండ్ మర్చిపోకుండా తెచ్చుకోండి.